సున్నకు బదులు సున్న

పోయిన నెల ఒక అమ్మాయి ఫోన్ చేసింది. సిద్దిపేటలో నేను రిటైరైన విద్యాసంస్థ ఆఫీసులో, నేను ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు కూర్చునేది ఆమే.

"మేడం, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఏద్దామంటే మన కంప్యూటర్లు పనికిరావని చూపిస్తుంది. లోపల ఏదో చిప్పు లేదట. పెద్దసారేమో పాతయన్ని తీసేసి కొత్తయి తెద్దాం అంటుండు. మీరేమంటరు?"

"పాతవాటి మీద ఎవరెవరు ఏం పని చేస్తున్నరో అడిగినవా?" అన్నాను.

"అడిగిన మేడం. అందరు ఇంటర్నెట్ చూసేటోళ్లే. గంతకన్న ఏం లేదు."

నాకు నవ్వొచ్చింది. సరిగ్గా అదే మాట నేనూ ఒకప్పుడు మా కరస్పాండెంటుతో ఎంతో ధీమాగా చెప్పాను. "అడగడం కాదు, ఒక్కొక్కరి పక్కన గంటసేపు కూర్చొని చూడు, ఆ తర్వాత ఫోన్ చెయ్" అన్నాను. ముసలావిడ చాదస్తం అనుకొని ఉంటుంది. అనుకోనీ. ఆ చాదస్తం నాకు ఎక్కడ పట్టుకుందో ఆమెకూ, ఆమెలాంటి కుర్చీల్లో కూర్చున్న పిల్లలందరికీ చెబుదామనే ఇది రాస్తున్నాను. సంస్థ పేరు రాయను. మనుషుల పేర్లు అసలే రాయను. ఎందుకు రాయడం లేదో చదివితే మీకే తెలుస్తుంది.

నేను ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. టైపు పరీక్ష పాసై చేరాను. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు అందరూ దూరంగా నిలబడి చూస్తుంటే ముందుకెళ్లి ముట్టుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి 'కంప్యూటర్ మేడం' అయ్యాను. హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సు తప్ప పెద్ద చదువేమీ లేదు. మిగతాదంతా మిషన్లను చెడగొట్టి నేర్చుకున్నదే. నాకు నోరు కొంచెం ఎక్కువ. పద్ధతిగా లేని పని కంటపడితే ఊరుకోలేను. నన్ను చూసి భయపడేవాళ్లు ఆఫీసులో కొందరు ఉండేవాళ్లు, అది నాకు కొంత ఇష్టంగానే ఉండేది.

నాకంటే ఆరేడేళ్లు పెద్ద అయిన టైపిస్టు సారు మాత్రం భయపడేవాడు కాదు. కుర్చీ వెనక్కి ఆనుకోకుండా నిటారుగా కూర్చొని, కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా కొట్టుకుంటూ పోయేవాడు. మా రెండు బడుల అడ్మిషన్ రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఆయనే. రికార్డు గది కప్పు కారుతోంది, ఒక మూల నుంచి చెదలు పట్టింది, ఉన్నవి పోకముందే ఎక్కించాలన్నారు. రెండు ఎండాకాలపు సెలవులు పట్టింది. పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఊర్లు, పుట్టిన తేదీలు, ఏ తరగతిలో చేరి ఏ తరగతిలో పోయారో, అన్నీ తెలుగులో. ఎందుకంటే రిజిస్టర్లు తెలుగులోనే ఉన్నాయి.

అప్పట్లో కంప్యూటర్‌లో తెలుగు రాయడం అంటే ఇప్పట్లా కాదు. దానికి ఒక ప్రోగ్రాం కొనాలి. ప్రోగ్రాంతో పాటు అగ్గిపెట్టెంత ముక్క ఒకటి ఇచ్చేవాళ్లు. దాన్ని మేం తాళం అనేవాళ్లం. కంప్యూటర్ వెనక ప్రింటర్ తగిలించే పెద్ద రంధ్రంలో ఆ తాళం గుచ్చితేనే తెర మీద తెలుగు కనిపించేది, లేకపోతే ఇంగ్లీషు అక్షరాలు అడ్డదిడ్డంగా వచ్చేవి. నిజానికి లోపల దాచుకున్నవి ఇంగ్లీషు అక్షరాలే. పైన తెలుగు బొమ్మ తొడిగేవాళ్లు, అంతే. కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు.

కొన్నేళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత తిప్పలు మొదలయ్యాయి. పరీక్ష ఫీజులు, హాల్ టికెట్లు అన్నీ ఇంటర్నెట్‌లోకి మారాయి. మా పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆ పేజీలు తెరుచుకునేవి కావు. ఎవరో పెన్ డ్రైవ్‌లో తెచ్చిన వైరస్ ఒకసారి క్వార్టర్లీ పరీక్షల ప్రశ్నపత్రాలన్నీ మింగేసింది. ఆ వారమంతా నేను మనిషిలా లేను. కొత్త సిస్టమ్ వేసుకోక తప్పదని కరస్పాండెంటుకు నేనే గట్టిగా చెప్పాను. చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ తప్పనుకోవడం లేదు.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి, ఓపిక పట్టండి. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మధ్యలో కూర్చునే పెద్దమనిషి. ప్రోగ్రాం ఏదైనా సరే, మిషన్‌ను సొంతంగా ముట్టుకోకూడదు. 'ఇది ప్రింట్ చెయ్యి' అని పెద్దమనిషికి చెప్పాలి, ఆయన ఆ ప్రింటర్ భాషలో దానికి చెప్తాడు. అందువల్ల రేపు ప్రింటర్ మారినా, కంప్యూటరే మారినా ప్రోగ్రాంకు ఫరక్ పడదు. మా తెలుగు ప్రోగ్రాం మాత్రం పెద్దమనిషిని లెక్కచేసేది కాదు. నేరుగా వెనక్కి పోయి రంధ్రంలో తాళం ఉందో లేదో తడిమి చూసుకునేది. పాత సిస్టమ్ మెతకది, చూసీ చూడనట్టు ఊరుకునేది. కొత్తది ఎవరినీ అలా చెయ్యి పెట్టనివ్వదు. పెట్టనివ్వదు కాబట్టే వైరస్‌లూ అంత సులువుగా చొరబడవు. పైగా కొత్త కంప్యూటర్ల వెనక ఆ రంధ్రమే లేదు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. కొత్త సుఖాలు కావాలంటే పాతవాటిలో కొన్నిటిని వదులుకోవాలి. ఏవి వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలి, నేను తెలుసుకోలేదు.

అప్పటికి టైపిస్టు సారు రిటైరై ఏడాది దాటింది. నేను పాత ఫైళ్లన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం ఒకటి సంపాదించాను. యూనికోడ్ అంటే ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత నంబరు ఉంటుంది, ఏ మిషన్ మీద చూసినా అది తెలుగే. తాళాలు లేవు, రంధ్రాలు లేవు. రెండు రోజుల్లో మొత్తం మార్చేశాను. తెర మీద పేర్లు చక్కగా, గుండ్రంగా కనిపించాయి. అక్కడక్కడా ఒత్తులు విరిగాయి, సరే అనుకున్నాను. ఆఫీసులో మా బడిలోనే చదివినవాళ్లు నలుగురున్నారు, నలుగురి పేర్లూ వెతికితే టక్కున వచ్చాయి. అది చూసి పొంగిపోయాను. పాత మిషన్లను పాత సామాన్ల కింద తీసేయమని చీటీ రాసి సంతకం పెట్టాను.

టైపిస్టు సారును ఒక పూట పిలిచి కూర్చోబెట్టుకోవచ్చు. ఆయన ఇల్లు కోమటి చెరువు దగ్గరే, స్కూటర్ మీద పది నిమిషాల దూరం. నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే తోచింది, కానీ టైపు కొట్టే మనిషికి ఇందులో తెలిసేదేముంటుంది అనుకున్నాను.

ఆ తర్వాత దాదాపు సంవత్సరానికి, ఒక శనివారం మధ్యాహ్నం, మద్దూరు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అందరం డబ్బాలు తెరిచి అన్నం తిని అప్పుడే చేతులు కడుక్కున్నాం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. చేతిలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైలు, అందులో కాగితాలన్నీ వరుసగా సర్ది ఉన్నాయి. ఆ సర్దడం చూసి నాకు నచ్చింది.

"నమస్తే మేడం. నాకు నర్సు ఉద్యోగం వచ్చేటట్టున్నది. సోమవారం పొద్దుగాల్నే హైదరాబాద్‌ల సర్టిఫికెట్లు చూస్తరట. నాలుగు నుంచి ఆరు దాంక ఈడ చదివిన. స్టడీ సర్టిఫికెట్ కావాలె."

ఏ తరగతి ఏ జిల్లాలో చదివారో కాగితం చూపిస్తేనే లోకల్ కింద లెక్క. లేకపోతే నాన్‌లోకల్. అప్పుడు మార్కులు ఎన్నొచ్చినా ఉద్యోగం దక్కడం కష్టం. ఈ సంగతి మా ఆఫీసులో కుర్చీలకు కూడా తెలుసు.

"నాలుగుకు ముందు?"

"మా ఊళ్లెనే మేడం. మూడేండ్లు మా చిన్నమ్మ కాడ ఉన్న. చిన్నమ్మోళ్లు గీడ్నే కిరాయికుంటుండె. మల్ల ఏడుకు ఊరికి పోయిన."

ఆమె పేరు వెతికాను. ఇంటిపేరులో ఒక సున్న, పేరులో ఒక సున్న ఉన్న పేరది. అంతవరకు చెప్తాను. తెర మీద 'దొరకలేదు' అని వచ్చింది. ఇంటిపేరు ఒక్కటే కొట్టాను. దొరకలేదు. పేరు ఒక్కటే కొట్టాను. ఆ పేరు గలవాళ్లు చాలామంది వచ్చారు, ఈమె లేదు. అక్షరాల వరుసలో ఆ పేరు ఉండాల్సిన చోటుకు వెళ్లి కళ్లతో కూడా చూశాను. ముందున్న పేరు ఉంది, తర్వాత ఉండాల్సిన పేరు ఉంది, మధ్యలో ఈమె లేదు.

"పుట్టిన తేదీ ఏంది?"

చెప్పింది. అదీ దొరకలేదు. బడిలో వేసిన తేదీ ఒకటి, పదో తరగతిలో పడిన తేదీ ఒకటి అయి ఉంటుంది, మా దగ్గర సగం మంది పిల్లలకు అంతే.

"నువ్వు చదివింది మా బడి కాకపోవచ్చు బిడ్డా. ఈ గల్లీల ఇంకో రెండు బళ్లున్నయ్" అన్నాను.

"లే మేడం, గీ బడే. గా రేకుల షెడ్డుల కూసుంటుంటిమి."

"కంప్యూటర్ల లేదు. లేనిది నేనెట్ల రాసిస్త?"

ఆమె వాదించలేదు. వాదిస్తే నాకు తేలికగా ఉండేదేమో. "రిజిస్టర్ ఉంటదేమో మేడం, చూస్తరా" అని మెల్లగా అడిగింది. ఆ ఏళ్ల రిజిస్టర్లు చెదలు తిని, తడిసి, ముద్దయి ఎప్పుడో పారేశామని చెప్పాను. దరఖాస్తు ఆమె చేతికే తిరిగిచ్చేశాను. ఆమె థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. అవును, థాంక్స్ చెప్పింది.

గిన్నెలు తోమి లోపలికొస్తున్న మా అటెండరు గుమ్మం దగ్గర ఆగి ఆమె వైపు చూసింది. ఆ సంస్థలో నాకంటే ముందు నుంచీ ఉన్న మనిషి. అందరూ అక్క అనే పిలుస్తారు.

"ఆ పొల్ల ఎందుకొచ్చింది మేడం?"

"స్టడీ సర్టిఫికెట్ కోసం. మన బడి కాదు అక్కా. పేరు లేదు."

"మన బడి కాకపోవుడేంది? దాన్ని నేనెరుగనా. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు మల్లొకసారి పప్పు ఏయమని అడుగుతుండె. దాని చిన్నమ్మ మిషన్ కుడుతుండె, గా మూల మీద."

"కంప్యూటర్ల లేదక్కా."

"మీ కంప్యూటర్‌కు ఎరుక లేకపోతె నేనేం జెయ్యాలె. నాకెరికే."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం కింద ఏదో గుచ్చుకున్నట్టయింది. లేచి వరండాలోకి వెళ్లాను. ఆ అమ్మాయి పోలేదు. మెట్ల మీద కూర్చొని, ఫైలు ఒళ్లో పెట్టుకొని, కొత్త కాగితం మీద దరఖాస్తు మళ్లీ రాస్తోంది.

"ఏం రాస్తున్నవ్?"

"నా పేరు ఏమన్న తప్పు రాసిన్నేమో అని, మంచిగ రాస్తున్న మేడం" అంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్లున్నారు, నా మీద ఫిర్యాదు రాసినవాళ్లున్నారు. ఏదీ ఇంత గట్టిగా తగల్లేదు. చిన్నప్పటి నుంచి రాసుకుంటున్న సొంత పేరు మీద ఆ పిల్లకు అనుమానం కలిగించాను. లోపలికొచ్చి కూర్చోమన్నాను. టైపిస్టు సారుకు ఫోన్ చేశాను.

ఆయన నిద్రలో నుంచి లేచి వచ్చినట్టున్నాడు, చొక్కా గుండీలు ఒకటి కిందికీ మీదికీ అయ్యాయి. నేను సంగతంతా చెప్పాను. ఆయన తెర వైపు చూడనే లేదు.

"ఏ సంవత్సరం?"

చెప్పాను.

"అయితే రెండో ఎండకాలం కొట్టిన రిజిస్టర్ మేడం. సున్నకు బదులు సున్న కొట్టి చూడున్రి."

"సున్నకు బదులు సున్ననా? ఏం మాట్లాడుతున్రు సారూ?"

"గదే, అక్షరం సున్న కాదు, లెక్కల సున్న. తెలుగు అంకె."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పేరులో సున్న ఉన్న రెండు చోట్లా అంకె సున్నా పెట్టి వెతికాను. ఆమె వచ్చింది. తండ్రి పేరు, ఊరు, నాలుగో తరగతిలో చేరిక, ఆరు పూర్తి. అక్షరాల వరుసలో ఆమె ఉండాల్సిన చోట కాదు, ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లన్నిటికీ అట్టడుగున ఉంది.

పాత అక్షరాల్లో అక్షరం సున్నా, అంకె సున్నా రెండూ ఒకేలా గుండ్రంగా కనిపించేవి. కాగితం మీద ఎవరూ తేడా పట్టలేరు. కొత్త అక్షరాల్లో కూడా కంటికి దాదాపు ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం ఒకటి అక్షరం, ఒకటి అంకె. పాత మిషన్ మీద దేన్ని చూసినా బొమ్మే కాబట్టి ఆ తేడా ఎవరికీ పట్టలేదు. కొత్త సిస్టమ్ తెలుగును తెలుగుగా గుర్తుపట్టడం నేర్చుకుంది, అందుకే తప్పును కూడా అంతే శ్రద్ధగా తప్పుగా గుర్తుపెట్టుకుంది. నేను పరీక్షకు వాడిన నలుగురి పేర్లలో ముగ్గురివి మొదటి ఎండాకాలం కొట్టినవి, నాలుగో పేరులో సున్నే లేదు.

ఇంకా కథ అయిపోలేదు. హెడ్‌మాస్టర్‌ను మేం పెద్దసారు అంటాం. ఆయన తెర చూసి తల అడ్డంగా ఊపాడు. తండ్రి పేరులో ఒత్తు విరిగిపోయి ఏదో గుర్తు మిగిలింది. పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో కలవడం లేదు.

"మేడం, మీరు మార్చిన కాగితం మీద నేను సంతకం పెట్టలేను. రేపు ఎవరన్న అడిగితే ఏం జూపిస్త? అసలుది చూపియ్యున్రి, పెడ్త."

అసలుది పాత ఫైలు. అది తెరుచుకోవాలంటే పాత మిషన్ కావాలి, తాళం కావాలి. ఆ మిషన్లను తీసేయమని సంతకం పెట్టింది నేను. అందరి ముందూ ఆ మాట చెప్పాను. చెప్పక తప్పదు కదా. ఆ అమ్మాయి నా ముఖమే చూస్తోంది.

అప్పుడు అటెండరు అక్క గొంతు సవరించుకుంది.

"ఒకటి పోలేదు మేడం. మీరు తిడ్తరని చెప్పలే. స్టాఫ్ రూంల మంచినీళ్ల డబ్బ కింద ఎత్తుకు పెట్టిన. గ్లాసు పెట్టి పట్టుకుంటానికి ఆ ఎత్తు మంచిగ కుదిరింది."

వెళ్లి చూశాం. నిజమే. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా కింద, పాత తువ్వాలు కప్పుకొని, మా తెలుగు మిషన్ ఉంది. వెనక తాళం ఊడదీయలేదు. నేను రోజూ దాని ముందు నిలబడే నీళ్లు తాగుతున్నాను.

డబ్బా దించి, తడి తుడిచి, ఆఫీసులోకి మోసుకొచ్చాం. కొత్త కీబోర్డు దానికి తగలదు, పాతదానికి గుండ్రటి ప్లగ్గు ఉండాలి. అదీ బీరువా వెనక దొరికింది. ఆ మధ్యాహ్నం, ఫ్యాన్ కింద, ఐదుగురం ఆ తెర చుట్టూ నిలబడ్డాం. మిషన్ లోపలి గడియారం చచ్చిపోయి ఏదో పాత తేదీ చూపించింది. కీచుమని చప్పుడు చేసింది, ఆగింది, మళ్లీ చేసింది. ఎంతసేపటికో ఆ పాత నీలం తెర వచ్చింది. టైపిస్టు సారు కూర్చున్నాడు, అదే నిటారు. రెండు నిమిషాల్లో ఫైలు తీశాడు. తండ్రి పేరు ఒత్తుతో సహా నిండుగా ఉంది. పుట్టిన తేదీ పక్కన రిజిస్టర్‌లో ఉన్న మాటనే ఆయన ఎక్కించాడు: తల్లి చెప్పిన ప్రకారం.

"గిది చాలు. తేదీ ఎందుకు తేడా వచ్చిందో గిండ్లనే ఉన్నది" అన్నాడు పెద్దసారు. ఫారం తెప్పించి, తెర చూస్తూ తన చేత్తోనే నింపి, సంతకం పెట్టి ముద్ర కొట్టాడు.

టైపిస్టు సారు లేస్తూ ఆ కీబోర్డు మీద ఒక మీట చూపించాడు. నొక్కాడు. అది కిందికి దిగలేదు.

"గిదే మేడం, అక్షరం సున్న మీట. రెండో ఎండకాలం మధ్యల పట్టేసింది. అప్పుడే మీకు చెప్పిన, కొత్త కీబోర్డు కావాలె అని."

"నేనేమన్న?"

"బిల్లు పాసయ్యేదాంక ఎట్లనో అడ్జస్ట్ చేసుకోన్రి అన్నరు. అంకె సున్న కొట్టి అడ్జస్ట్ చేసిన."

నాకు ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. కానీ అది నా మాటే, అనుమానం లేదు. ఆ రోజుల్లో పొద్దున లేస్తే పదిమందితో అదే అనేదాన్ని. ఆయనకు దాని మీద కోపమేమీ లేదు. చెప్పిన పని ఎలాగో ఒకలా చేసినందుకు కొంచెం గర్వం కూడా ఉంది. సున్న కావాలన్నారు, సున్న వచ్చింది, కాగితం మీద అందంగా ఉంది, ఇంకేం కావాలి? రిటైరయ్యేటప్పుడు ఎవరికైనా చెప్పాలని తట్టనంత చిన్న విషయం అది ఆయనకు. ఒక ఆఫీసు నడిచేది ఇలాంటి అడ్జస్ట్‌మెంట్ల మీదే. అవి ఏ మాన్యువల్‌లోనూ ఉండవు, కొత్త సిస్టమ్ తయారు చేసేవాళ్లకు తెలిసే దారి లేదు. మధ్యలో ఉన్న నాకు తెలిసి ఉండాలి.

ఆ అమ్మాయి సర్టిఫికెట్‌ను రెండుసార్లు చదువుకొని ఫైలులో సరైన చోట పెట్టుకుంది. నేను ఆమెకు తప్పు నాదని చెప్పాను. "అయ్యో, పర్వాలె మేడం" అంది. అటెండరు అక్క మాత్రం ఊరుకోలేదు. "పప్పు రెండుసార్లు తిన్నవు గద, ఉద్యోగమొస్తదిపో" అని పంపించింది. వచ్చింది కూడా. ఆ సంగతి నెలన్నర తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

కథ ఇక్కడ ఆపితే నాకు హాయిగా ఉండేది.

సోమవారం నుంచి నేను పేర్ల మధ్యలో ఇరుక్కున్న అంకె సున్నాలను వెతకడం మొదలుపెట్టాను. ఒక ఎండాకాలంలో సగం నుంచి కొట్టిన పేజీలన్నిటిలో ఉన్నాయి. పుట్టిన తేదీల్లో సున్నాలు ఉండాలి, పేర్లలో ఉండకూడదు, అందుకని ఒక్క దెబ్బతో మార్చేయడానికి లేదు. టైపిస్టు సారు రోజూ పది గంటలకు వచ్చి పాత మిషన్ ముందు కూర్చొని చదివేవాడు, నేను కొత్తదాంట్లో దిద్దేదాన్ని. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. నీళ్ల డబ్బాకు అక్క రెండు ఇటుకలు తెచ్చి పెట్టింది.

దిద్దుతుండగా మూడో రోజు నాకొక ఆలోచన వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఈ అమ్మాయి మెట్ల మీద కూర్చుంది కాబట్టి దొరికింది. అంతకుముందు సంవత్సరమంతా ఎవరెవరు వచ్చి ఉంటారు? 'లేదు' అని ఎందరికి చెప్పాను? దరఖాస్తులు తిరిగిచ్చేస్తాం కాబట్టి అవి లేవు. ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో మాత్రం వచ్చిన ప్రతి దరఖాస్తూ ఒక వరుసలో రాస్తాం, పేరు, ఊరు. అది తెచ్చుకొని వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. సర్టిఫికెట్ ఇచ్చినట్టు సంతకం లేని వరుసల్లో, సున్న ఉన్న పేర్లు ఆరు తేలాయి. ఆరుగురూ ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్నారు. ఐదుగురికి కబురు పెట్టగలిగాం. వాళ్లకు అది ఏదో చిన్న అవసరం, కొందరు మరిచే పోయారు.

ఆరో మనిషి ఇబ్రహీంపూర్ దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరివాడు. వరుస చూడగానే మనిషి గుర్తొచ్చాడు. ఎండలో తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. అతను మాట్లాడలేదు, ఆవిడే మాట్లాడింది. "నేనే చెయ్యి వట్టుకొని తోల్కొచ్చి ఏసినమ్మా. గీ కుర్చీల ఇంకో సారుండె" అంది. కంప్యూటర్‌లో లేదని నేను ముందు మామూలుగా, తర్వాత కొంచెం గట్టిగా చెప్పాను. ఆవిడ మళ్లీ అదే మాట అంటే, "మీరు చెప్తే అయితదా అమ్మా, కంప్యూటర్ ఒప్పుకోవాలె గద" అన్నాను. ఈ మాట నాకు గుర్తుంది. కీబోర్డు మాట గుర్తు లేదు గానీ, ఇది ఉంది.

సర్టిఫికెట్ రాయించి, పెద్దసారు సంతకం తీసుకొని, ఒక ఆదివారం ఆ ఊరికి పోయాను. టైపిస్టు సారు తానూ వస్తానన్నాడు గానీ వద్దన్నాను. వాళ్ల ఇల్లు చూపించమంటే ఎవరో చూపించారు. అతను ట్రాక్టర్ దగ్గర ఏదో బిగిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడి, చేతులకు అంటిన నూనె గుడ్డతో తుడుచుకున్నాడు.

కాగితం ఇచ్చి, పొరపాటు ఎలా జరిగిందో చెప్పాను. సున్నల సంగతి సగం వరకే విన్నాడు.

"అది అయిపోయింది మేడం. నాన్‌లోకల్ల పెట్టిన్రు. రెండు మార్కుల్ల పోయింది" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు భరించడం కష్టమైంది. "మల్ల నోటిఫికేషన్ పడ్డప్పుడు అక్కరకొస్తది. ఉండనీ."

మాటలు విని వాళ్లమ్మ బయటికొచ్చింది. కొడుకు ఆ కాగితం ఆవిడకు చూపించాడు. ఆవిడకు చదవడం రాదు. సంతకం మీద, ముద్ర మీద వేలు పెట్టి చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"అయితే ఒప్పుకున్నదా అమ్మా, మీ కంప్యూటరు?"

ఒప్పుకుందని చెప్పాను. తప్పు దానిది కాదు, నాదని కూడా చెప్పాను. ఆవిడ తల ఊపి, కుర్చీ తెచ్చి నీడలో వేసి కూర్చోమంది. కొడుకు వెళ్లి మళ్లీ ట్రాక్టర్ పనిలో పడ్డాడు. ఆవిడ నా పక్కనే నేల మీద కూర్చొని, అతన్ని బడిలో వేసిన రోజు సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఏ బస్సెక్కారో, పిల్లవాడు ఎంత ఏడ్చాడో, ఆ కుర్చీలో ఉన్న సారు ఏం అడిగాడో, తాను ఏం చెప్పిందో. ఆ రోజు ఆఫీసులో నాకు చెప్పబోయింది ఇదే. ఈసారి చివరిదాకా విన్నాను.